పథ్యం చెప్పినందుకు ఫీజు ఎందుకు?

‘అన్నం తగ్గించు, ఆకుకూరలు తిను, నడువు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి అయిదు వందల రూపాయలా? మా నానీ ఊరికే చెప్పేది కదా!’

షుగర్ వ్యాధి ఉన్న ఇళ్ళలో ఈ మాట తరచుగా వినబడుతుంది. డాక్టరుకు ఫీజు ఇవ్వడానికి మనకు అభ్యంతరం లేదు. మందుల దుకాణంలో బిల్లు ఎంతయినా చెల్లిస్తాం. రక్తపరీక్షకూ చెల్లిస్తాం. కాని డాక్టరుగారు ‘ఒకసారి డైటీషియన్‌ను కలవండి’ అని చీటీ రాసిస్తే మాత్రం ఆ చీటీ సంచిలోనే ఉండిపోతుంది. వెళ్ళినా మొదటిసారితో సరి. నెల తర్వాత మళ్ళీ రమ్మంటే, ‘చెప్పిందే చెప్పడానికి మళ్ళీ డబ్బులా?’ అని విసుక్కుంటాం.

పైకి ఇది డబ్బు గురించిన మాటలా కనిపిస్తుంది. కాని దీని వెనుక కొన్ని పెద్ద ప్రశ్నలు ఉన్నాయి. ఈ శరీరం ఎవరిది? ఒక మనిషి తన జ్ఞానాన్నీ సమయాన్నీ మన కోసం వెచ్చించినప్పుడు ఆ మనిషికి మనం ఏమి రుణపడి ఉంటాం? ఫీజు ఇచ్చేసినంత మాత్రాన మన బాధ్యత తీరిపోతుందా? ఈ ప్రశ్నలను మన ధర్మం వెలుగులో ఆలోచించవలసి ఉంది.

ఒక ఇంటి సంగతి

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడకు తొమ్మిదేళ్ళుగా షుగర్. ఫజ్ర్ నమాజు తర్వాత దివ్యఖుర్ఆన్ పారాయణం చేయనిదే ఆమె వంటింట్లో అడుగు పెట్టేవారు కాదు. కొడుకులు మంచివాళ్ళు. తల్లిని సమయానికి డాక్టరు వద్దకు తీసుకుపోయేవారు, మందులు ఏనాడూ తక్కువ చేయలేదు. డాక్టరు సలహాపై ఒకసారి డైటీషియన్ వద్దకూ తీసుకుపోయారు. ఆ అమ్మాయి ముప్పావుగంట కూర్చోబెట్టి ఏ పూట ఏమి తింటారో, ఎన్ని చాయ్‌లు తాగుతారో, ఇంట్లో వంట ఎవరు చేస్తారో అన్నీ అడిగి రాసుకుంది. నెల రోజులపాటు తిన్నది కాగితం మీద రాసి తీసుకురమ్మంది.

ఆ నెల దాటింది. పెద్దావిడే వద్దన్నారు. ‘నా కోసం ఎందుకురా ఇంత ఖర్చు? ఆమె చెప్పింది నాకు గుర్తుందిలే’ అన్నారు. కొడుకులూ సరేనన్నారు. అదే ఏడాది చిన్న కొడుకు వలీమా జరిగింది. విందులో ఖుబానీ కా మీఠా ఒక్కటే ఉంటే ఏం బాగుంటుందని డబుల్ కా మీఠా కూడా చేర్చారు. ఆ రెండో మిఠాయి ఖర్చుతో తల్లి ఎన్నిసార్లు డైటీషియన్ వద్దకు వెళ్ళగలిగేవారో ఎవరూ లెక్క వేయలేదు. వేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

రెండేళ్ళ తర్వాత ఆమెకు అక్షరాలు మసకబారాయి. కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు షుగర్ వల్ల దెబ్బతిన్నాయని కళ్ళ డాక్టరు చెప్పారు. ఇప్పుడు ఫజ్ర్ తర్వాత మనుమరాలు చదువుతుంటే ఆమె వింటున్నారు.

ఆ పెద్దావిడ మానకుండా డైటీషియన్ వద్దకు వెళ్ళి ఉంటే చూపు తగ్గేదే కాదని మేము అనడం లేదు. అది అల్లాహ్‌కే ఎరుక. జరిగిపోయిన దాని గురించి ‘అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కాదే’ అంటూ కుమిలిపోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అటువంటి మాట షైతాన్ పనికి తలుపు తెరుస్తుందని హెచ్చరించారు. కాని అదే హదీసులో, దానికి ముందు మరో ఆదేశం ఉంది. తనకు మేలు చేసే దాని కోసం మనిషి పాటుపడాలి, అల్లాహ్ సహాయం అర్థించాలి, చేతకానివాడిలా కూర్చోకూడదు. జరిగిన దానికి సహనం, జరగవలసిన దానికి ప్రయత్నం. ఈ రెండూ కలిస్తేనే విశ్వాసి నడవడి అవుతుంది.

శరీరం మన సొత్తు కాదు

‘నా ఒళ్ళు, నా ఇష్టం’ అనే మాట ముస్లిం నోట రావలసిన మాట కాదు. మన ప్రాణం, మన కళ్ళు, మన కాళ్ళు అన్నీ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పొరుగువాడు ఊరెళ్తూ తన గేదెను మనకు అప్పగిస్తే దానికి వేళకు మేత వేస్తాం, జబ్బు చేస్తే పశువుల డాక్టరును పిలుస్తాం. ఆ డాక్టరు ఫలానా దాణా మాన్పించమంటే మాన్పిస్తాం. పొరుగువాడి గేదె విషయంలో ఉన్న ఈ జాగ్రత్త సృష్టికర్త అప్పగించిన దేహం విషయంలో ఎందుకు ఉండదు?

చేజేతులా మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోకండి అన్న భావం గల ఆయతు అల్ బఖరా సూరాలో (2:195) ఉంది. తినడం, తాగడం ధర్మసమ్మతమేనని, మితిమీరడమే అల్లాహ్‌కు నచ్చదని అల్ ఆరాఫ్ సూరా (7:31) తెలుపుతోంది. రాత్రంతా ఆరాధనలో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న హజ్రత్ అబూ దర్దా (రజి)కి హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) హితవు చెప్పారు. ప్రభువు హక్కుతో పాటు తన దేహానికీ, తన ఇంటివారికీ కూడా తనపై హక్కులున్నాయని గుర్తుచేశారు. ఈ సంగతి తెలిసినప్పుడు సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. ఆరాధన కోసమే అయినా దేహం హక్కును కాలరాయడం తగదన్నప్పుడు, నాలుక రుచి కోసం దానిని కాలరాయడం ఎలా తగుతుంది?

షుగర్ వ్యాధిలో ఒక మోసం ఉంది. అది నొప్పి పెట్టదు. మనం తిన్న అన్నం, రొట్టె, మిఠాయి కడుపులో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. దానిని కణాల్లోకి చేర్చే ఇన్సులిన్ చాలనప్పుడు, లేదా సరిగా పనిచేయనప్పుడు, ఆ చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె నాళాలను లోలోపల దెబ్బతీస్తుంది. నొప్పి లేదు కనుక తొందర లేదనుకుంటాం. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. అంటే ఇది ఎవరో పరాయివాళ్ళ సమస్య కాదు. మన దస్తర్‌ఖాన్ మీదికి వచ్చి కూర్చున్న సమస్య.

‘అంతా అల్లాహ్ రాసిపెట్టిందే, ఈ పథ్యాలు ఎందుకు?’ అనేవారూ ఉన్నారు. చికిత్స చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ సృష్టించలేదని తెలిపారు. హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఈ హదీసును ఉల్లేఖించారు. ప్లేగు వ్యాపించిన సిరియా ప్రాంతంలోకి పోకుండా హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, విధిరాత నుండి పారిపోతున్నారా అని ప్రశ్న వచ్చింది. అల్లాహ్ రాసిన ఒక రాత నుండి అల్లాహ్ రాసిన మరో రాత వైపుకే వెళ్తున్నామని ఆయన సమాధానం చెప్పారు. జబ్బు విధిరాత అయితే దానికి పథ్యం కూడా విధిరాతే.

దైవప్రవక్త (స) చెప్పిన పథ్యం

హజ్రత్ ఉమ్మె ముంజిర్ (రజి) ఇంట జరిగిన ఒక సంఘటన అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. ఒకసారి దైవప్రవక్త (స), హజ్రత్ అలీ (రజి) వారింటికి వచ్చారు. అలీ (రజి) జబ్బు నుండి అప్పుడప్పుడే కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. దైవప్రవక్త (స) వాటిలోంచి తినసాగారు. అలీ (రజి) కూడా తినడం మొదలుపెట్టగా, నీవింకా కోలుకుంటున్నావు, వద్దని ఆయన వారించారు. అలీ (రజి) చేయి ఆపుకున్నారు. ఉమ్మె ముంజిర్ (రజి) బార్లీతో ఆకుకూర కలిపి వండి తెచ్చారు. ఇది తిను, నీకు ఇదే తగినదని దైవప్రవక్త (స) అలీ (రజి)కి సూచించారు.

హజ్రత్ అలీ (రజి)కి ఉన్నది షుగర్ కాదు, జబ్బు తర్వాతి నీరసం. కాబట్టి ఈ సంఘటనను షుగరు మందుగా చెప్పడం సరికాదు. కాని ఇందులో మనకు మూడు పాఠాలు ఉన్నాయి.

మొదటిది: ఖర్జూరం హలాల్, శుభప్రదమైన ఆహారం. స్వయంగా దైవప్రవక్త (స) అప్పుడు దానిని తింటున్నారు. అయినా ఆ రోజు అది అలీ (రజి)కి తగినది కాదు. ఒకే ఇంట, ఒకే పూట ఇద్దరికి రెండు రకాల పథ్యం. ‘హలాల్ కదా, తింటే ఏమవుతుంది?’ అనే మన వాదన ఇక్కడే తేలిపోతుంది.

రెండోది: దైవప్రవక్త (స) ‘వద్దు’ అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. దానికి బదులు ఏది తినాలో కూడా చూపించారు. రోగికి నిషేధాల జాబితా ఒక్కటే సరిపోదు. తినదగిన పళ్ళెం కూడా చూపాలి.

మూడోది: ఆ పథ్యం ఆ ఇంట్లో ఉన్నవాటితోనే కుదిరింది. ఎక్కడి నుంచో ఖరీదైన వస్తువు తెప్పించలేదు.

మనిషిని చూసి, అతని స్థితిని బట్టి, అతని ఇంట్లో ఉన్నదానితో తగిన ఆహారం చెప్పడం. ఈనాటి మంచి డైటీషియన్ చేసే పని ఇదే.

ఫీజు దేనికి?

సలహాకు డబ్బు ఇవ్వడానికి మనకు ఎందుకు మనసు రాదు? మందు ఇస్తే చేతిలో మాత్రలు ఉంటాయి. పరీక్ష చేయిస్తే కాగితం ఉంటుంది. సలహా తీసుకుని బయటికి వస్తే చెయ్యి ఖాళీగా కనిపిస్తుంది. కంటికి కనబడని దానికి విలువ లేదనుకోవడం మన బలహీనత. కనబడని దానిని విశ్వసించడంతోనే మన ఈమాన్ మొదలవుతుందన్న సంగతి ఇక్కడ మరచిపోతాం.

హజ్రత్ అబూ తైబా (రజి) అనే ఆయన దైవప్రవక్త (స)కు హిజామా చేశారు. ఆయన ఒక బానిస. అందుకు ప్రతిఫలంగా దైవప్రవక్త (స) ఆయనకు కొలతల ప్రకారం ఆహారం ఇప్పించారు. అంతటితో ఆగకుండా ఆయన యజమానులతో మాట్లాడి, ఆయన వారికి రోజూ చెల్లించవలసిన మొత్తాన్ని కూడా తగ్గింపజేశారు. దైవప్రవక్త (స)కు ఉచితంగా సేవ చేయడాన్ని మహాభాగ్యంగా భావించేవారు మదీనాలో ఎంతమంది లేరు? అయినా ఆయన మూల్యం చెల్లించారు. వైద్యం చేసేవారి శ్రమకు ప్రతిఫలం ఇవ్వాలన్నది ఆ విధంగా మనకు సున్నతు అయింది.

‘విద్యను దాచకూడదు కదా, మరి దానికి ఫీజు ఎలా తీసుకుంటారు?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరికీ చెందిన సాధారణ జ్ఞానం వేరు, ఒక మనిషి మీద పెట్టే శ్రమ వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార సూచనలను సవరించి వెలువరించింది. మన శక్తిలో 45 శాతానికి మించి బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచి రాకూడదని, పళ్ళెంలో కూరగాయలు, పప్పులు పెరగాలని అందులో ఉంది. ఇది సాధారణ జ్ఞానం. దీనికి ఎవరూ మనల్ని డబ్బు అడగడం లేదు. కాని మీ అబ్బా వేసుకునే మాత్ర ఏది, ఆయన ఎన్ని గంటలకు దుకాణం తెరుస్తారు, మధ్యాహ్నం భోజనం ఎప్పుడు దొరుకుతుంది, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో ఎంత వచ్చింది, ఇంటి బడ్జెట్ ఎంత అన్నవి చూసి, వాటన్నిటికీ సరిపడే పళ్ళెం తయారు చేయడం శ్రమ. ఫీజు ఆ శ్రమకు. స్వస్థతకు కాదు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. దానిని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు.

మరి నానీ మాట? నానీ చెప్పింది నిజమే. కాని నానీ జొన్నరొట్టె తినేది, తిరగలి విసిరేది, బావి నుంచి నీళ్ళు తోడేది. ఆమె మనుమడు మూడు పూటలా తెల్ల అన్నం తిని, రోజంతా కుర్చీలో కూర్చుని, షుగర్ మాత్ర వేసుకుంటున్నాడు. ఆ మాత్రకూ ఆ అన్నానికీ పొత్తు ఎలా కుదర్చాలో చెప్పవలసిన అవసరం నానీకి రాలేదు.

రెండోసారి వెళ్ళడం కూడా చెప్పిందే చెప్పించుకోవడం కాదు. మొదటిసారి చెప్పేది ఒక అంచనా. రెండోసారి దాని ఫలితాన్ని చూస్తారు. ఏది కుదిరింది, ఏది కుదరలేదు, రాత్రి ఆకలికి ఎందుకు ఆగలేకపోయారు, ఏ పూట షుగర్ పెరిగింది అని పరిశీలించి మారుస్తారు. దర్జీ ఒకసారి కొలత తీసుకున్నా, తొడిగి చూశాక మళ్ళీ సరిచేస్తాడు కదా!

ఒకరి పథ్యం మరొకరికి పనికిరాదనడానికి మేము విన్న ఒక సంగతి చెప్పాలి. ఒక సోదరి డైటీషియన్ వద్ద రాయించుకున్న కాగితాన్ని పక్కింటి సోదరి జిరాక్స్ తీసుకున్నారు. ఫీజు మిగిలిందని సంతోషించారు. కాని ఆమె వాడుతున్న మాత్ర వేరు. అది షుగర్‌ను బలంగా దించే రకం. మాత్ర అలాగే వేసుకుంటూ, కాగితంలో ఉన్నట్లు అన్నం సగానికి తగ్గించేశారు. మూడో రోజు అస్ర్ వేళ చెమటలు పట్టి, చేతులు వణికి, వజూ చేసేచోటే కూలబడిపోయారు. ఇంట్లోవాళ్ళు వెంటనే చక్కెర నీళ్ళు తాగించడంతో, అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. మిగిలిందనుకున్న ఫీజు ఎంత ఖరీదైనదో ఆ ఇంటివారికి ఆ రోజు తెలిసింది.

ఇరువైపులా అమానతు

సలహా ఎవరిని అడుగుతామో ఆ వ్యక్తి అమానతుదారు అని దైవప్రవక్త (స) బోధించారు. కాబట్టి ఫీజు తీసుకున్న డైటీషియన్‌పై బరువైన బాధ్యత ఉంది. తెలిసినదే చెప్పాలి. తెలియనిచోట డాక్టరు వద్దకు పంపాలి. అవసరం లేకపోయినా మళ్ళీ మళ్ళీ రప్పించడం, సలహా పేరుతో పొడి డబ్బాలు అంటగట్టడం అమానతులో ఖియానతే. రోగి జేబు చూసి పథ్యం చెప్పడం కూడా ఆ అమానతులో భాగమే. రాగులు, జొన్నలు, పెసలు, తోటకూర, గోంగూర దొరికే ఊళ్ళో విదేశీ గింజల పేర్లు రాసివ్వడం న్యాయం కాదు.

మనం కూడా ఎవరి వద్దకు పోతున్నామో విచారించుకోవాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి పూచీపడాలని హదీసు. పోషకాహార శాస్త్రంలో చదువుకున్నవారెవరో, నాలుగు వీడియోలు చూసి సలహాలు అమ్మేవారెవరో అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. ఆరోగ్య అనుబంధ వృత్తుల నియంత్రణ కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో పోషకాహార నిపుణుల వృత్తి కూడా ఉంది. ‘నలభై రోజుల్లో షుగర్ మాయం, మందులన్నీ మానేయండి’ అనేవారి నుంచి అల్లాహ్ శరణు వేడుకోవాలి. అటువంటివారు కొన్నిసార్లు ధర్మం పేరు కూడా వాడుకుంటారు. తేనెలో స్వస్థత ఉందన్న దైవవాక్యంపై మనకు సంపూర్ణ విశ్వాసం ఉంది. ఖర్జూరం శుభకరమైనదని మనకు తెలుసు. కాని ఏ రోగికి, ఎంత, ఎప్పుడు అన్నది తెలిసినవారిని అడగవలసిన విషయం. తేనె కూడా రక్తంలో షుగర్‌ను పెంచుతుంది. అలీ (రజి) చేతిని ఖర్జూరం మీద నుంచి వెనక్కి తీయించినవారు స్వయంగా దైవప్రవక్తే (స) అన్నది మరువకూడదు.

ఇక రోగి వైపు అమానతు ఒకటి ఉంది. అది నిజం చెప్పడం. రోజుకు రెండు చాయ్‌లని రాసి అయిదు తాగేవారు, చాయ్‌తో తిన్న ఉస్మానియా బిస్కట్లను లెక్కలో చేర్చనివారు, వలీమాలో తిన్న బిర్యానీని దాచేవారు మనలో లేరా? ఫీజు ఇచ్చి మరీ అబద్ధం చెప్పడం ఎంత వింత! డైటీషియన్ మందలిస్తుందేమోనని సిగ్గు. అన్నీ చూసేవాడి ఎదుట లేని సిగ్గు ఒక మనిషి ఎదుట ఎందుకు? పైగా ఆ అబద్ధం ఆధారంగానే రేపటి పథ్యం తయారవుతుంది. డబ్బు ఇవ్వడం తేలిక, నిజం ఇవ్వడం కష్టం. డైటీషియన్‌కు మనం చెల్లించవలసినవి ఈ రెండూ. మొదటిది ఆ మనిషి హక్కు. రెండోది మన దేహం హక్కు.

ఎవరి కోసం ఖర్చు?

మొదట చెప్పిన ఇంట్లో తల్లి ‘నా కోసం ఎందుకురా’ అన్న మాట మళ్ళీ తలచుకుందాం. మన ఇళ్ళలో ఆ మాట అనేది ఎక్కువగా స్త్రీలే. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలిన అన్నాన్ని పారేయలేక తినేదీ వారే. వారు వద్దన్నారు కదా అని మనం సరేనంటే అది విధేయత కాదు, మనకు అనుకూలమైన మాటను పట్టుకోవడం. మనిషి ఖర్చు చేసే దీనార్లలో తన ఇంటివారి కోసం ఖర్చు చేసినదానికే ఎక్కువ పుణ్యమని దైవప్రవక్త (స) తెలిపారు. తల్లి డైటీషియన్ ఫీజు కూడా ఆ దీనారే.

మరొక సంగతి. ఫీజు ఒకరి పేరున కడతాం, కాని కుండ అందరిదీ ఒకటే. అందుకని వంట చేసేవారిని కూడా వెంట తీసుకుపోవాలి. ఇల్లంతా బగారా అన్నం తింటూ రోగి ముందు మాత్రం ఎండు రొట్టె పెడితే ఆ పథ్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది? దాల్చాలో సొరకాయ ముక్కలు పెంచి, అన్నం గరిటెలు తగ్గించి, ఇంటిల్లిపాదీ ఆ వైపుకు నాలుగడుగులు వేస్తే రోగికి ఒంటరితనం ఉండదు. పిల్లలకూ మేలు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త బోధ రోగులకు మాత్రమే చెప్పింది కాదు.

అయితే నిజంగానే ఇవ్వలేనివారి సంగతేమిటి? అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం మోపడు. పిల్లల అన్నం ఆపి ఫీజు కట్టమని ఎవరూ అనరు. సర్కారు ఆసుపత్రుల్లో బి.పి., షుగర్ రోగుల కోసం ఎన్.సి.డి. క్లినిక్కులు ఉన్నాయి. అక్కడ పరీక్షలకు, మందులకు డబ్బు తీసుకోరు. తెలంగాణలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ముందు అక్కడ అడగాలి. డైటీషియన్ వద్దకు ఏడాదికి రెండుసార్లే వెళ్ళగలిగినా, తిన్నది రాసుకుని, పరీక్ష కాగితాలు, మందుల చీటీ పట్టుకుని సిద్ధంగా వెళ్తే ఆ రెండు సార్లే నాలుగింతల ప్రయోజనం ఇస్తాయి. ఫీజు ఎంతో ముందే అడగాలి. ఇవ్వలేమనిపిస్తే ముందే విన్నవించుకోవాలి. పని చేయించుకున్న తర్వాత బేరమాడటం మన ధర్మం నేర్పిన పద్ధతి కాదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న బోధ బల్లకు అవతల కూర్చుని పని చేసేవారికీ వర్తిస్తుంది.

కలిగినవారిపై కూడా ఒక బాధ్యత ఉంది. బంధువుల్లో పేద రోగి ఉంటే, జకాతుకు అర్హులైతే ఆ సొమ్మును వారి చేతికే అందించి చికిత్సకు తోడ్పడవచ్చు. వివరాలను ఉలమాలను అడిగి తెలుసుకోవాలి. మస్జిద్ కమిటీలు రమజాన్‌కు ఆరేడు వారాల ముందు ఒక డైటీషియన్‌ను పిలిపించి, తగిన పారితోషికం ఇచ్చి, మొహల్లాలోని షుగర్ రోగులకు సలహా ఇప్పిస్తే ఎంత మేలు! ఎవరు రోజా ఉండగలరు, ఎవరు ఉండకూడదు, సహర్‌లో ఏమి తినాలి, ఇఫ్తార్‌లో దేనితో ఆగాలి, మందుల వేళలు ఎలా మార్చాలి అన్నవి డాక్టరుతో, డైటీషియన్‌తో ముందే తేల్చుకోవలసిన విషయాలు. షుగర్ 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యులు చెబుతున్నారు. రోగికి మినహాయింపు ఇచ్చినవాడు అల్లాహ్‌యే. ఆ మినహాయింపును కాదని ప్రాణం మీదికి తెచ్చుకోవడం భక్తి అనిపించుకోదు.

ఆ రోజు ప్రశ్నలు

ప్రళయదినాన దాసుని పాదాలు కదలకముందే అడగబడే ప్రశ్నలను గురించి హజ్రత్ అబూ బర్జా (రజి) ఒక హదీసును ఉల్లేఖించారు. ఆయుష్షును దేనిలో గడిపావు? జ్ఞానంతో ఏమి చేశావు? ధనాన్ని ఎలా సంపాదించి ఎందులో ఖర్చు చేశావు? దేహాన్ని దేనిలో అరగదీశావు? ఆ ప్రశ్నల సారాంశం ఇదీ.

డైటీషియన్ గదిలో ఆ చిన్న బల్లకు ఇటూ అటూ ఈ ప్రశ్నలన్నీ కూర్చుని ఉంటాయి. ఆమె జ్ఞానం గురించి ఆమెను అడగడం జరుగుతుంది. మన దేహం గురించి, మన ధనం గురించి మనల్ని అడగడం జరుగుతుంది. ఆ గదిలో గడిపిన అరగంట గురించి కూడా. మన చేతిలోని అయిదు వందల నోటు చాలా చిన్నది. దాని గురించి మనం ఇవ్వవలసిన జవాబు మాత్రం చిన్నది కాదు.

మేము చెప్పిన ఆ పెద్దావిడ ఇప్పుడు మళ్ళీ డైటీషియన్ వద్దకు వెళ్తున్నారు. తిన్నది రాయడానికి ఆమెకు కళ్ళు సహకరించవు. ఆమె చెబుతుంటే మనుమరాలు రాస్తుంది. మొన్న ఆ కాగితంలో ‘పక్కింటి సేమియా, అర గిన్నె’ అని కూడా రాయించారట. ‘దాదీ, ఇది ఎందుకు?’ అని పిల్ల నవ్వితే, ‘రాయి బేటా. డబ్బులిచ్చి అబద్ధం ఎందుకు కొనుక్కోవాలి?’ అన్నారట.

అల్లాహ్ మనకు అప్పగించిన దేహాన్ని అమానతుగా కాపాడుకునే వివేకాన్ని, ఇంటివారి హక్కులను గుర్తించే హృదయాన్ని, శ్రమించేవారి రుణం సకాలంలో తీర్చే స్తోమతను మనందరికీ ప్రసాదించుగాక. రోగులందరికీ సంపూర్ణ స్వస్థత చేకూర్చుగాక. ఆమీన్.